ఎలుక లేని డబ్బా

మిర్యాలగూడల ఎలుకలకు కొదువ లేదు.
ఈ మిల్లు నిండ అవే,
బస్తాల సందుల, బాయిలర్ గది వెనుక,
ఇందాక నా చెప్పుల మీదికెళ్లి గూడ.
సేటు కొన్న ఈ సర్వర్ డబ్బాకు మాత్రం ఒక్కటన్న లేదు.
ఎలుక లేదు, తెర లేదు,
హైదరాబాదుల ఏదో ఆఫీసు వదిలించుకున్న పాతది.
"టీవీ లేకుంట ఎట్ల చూస్తవ్?" అన్నడు ఎల్లమంద,
కావలి కుర్చీ నాకిచ్చి తాను బస్త మీద కూసుంట.
చూసుడు కాదు తాతా, రాసుడే.

లాప్‌టాప్ ఒడిల పెట్టుకున్న.
సిగ్నల్ కింద లేదు, ఫోన్‌ను వడ్ల బస్తాల నిట్టు మీద
పద్దెనిమిదో వరుసల కూసోబెట్టొచ్చిన.
నల్లటి కిటికీ, అండ్ల ఒక్కటే గీత
మినుకుమంట నా మాట కోసం చూస్తున్నది.
పాస్‌వర్డ్ అడిగింది. కొట్టిన.
చుక్క గూడ పడలే,
కొట్టిననో లేదో నా వేళ్లకే అనుమానం.

ఒక్క సాఫ్ట్‌వేర్ దింపుమంటే
అది ఇంకో దాన్ని పిలువుమంటది,
అది దాని మేనమామను,
ఆయన తన సడ్డకున్ని.
హమాలీ మేస్త్రికి ఫోన్ చేసినట్టే,
ఒక్కడొస్తడనుకుంటే ఇరవై మంది చాయ్ అడుగుతరు.
నూట పద్నాలుగు పొట్లాలు.
అవునా కాదా చెప్పుమన్నది.
రాత్రి రెండింటికి ఎవరైనా అవుననే అంటరు.

మధ్యల కరెంటు పోయింది.
ఉడుకుబియ్యం వాసన చీకట్ల ఇంకింత దగ్గరికొచ్చింది.
అద్దంకి రోడ్డు మీద లారీ ఒకటి
గేరు మార్చుకుంట మార్చుకుంట పోయింది.
మళ్ల మొదటికెళ్లి.

రోజుకు అర బస్త పోతున్నదట, ఎవరో పట్టియ్యాలె.
అందుకు సేటు ఎనిమిది కండ్లు కొన్నడు.
గేటుకు రెండు, ఆరబోసే కల్లానికి మూడు, గోదాముకు రెండు.
ఎనిమిదోదానికి కాంటా దాక వైరు లాగినంక
"అక్కడ వద్దులే" అన్నడు, నా మొఖం చూడకుంట.
కాంటా కాడ రైతులు నిలబడతరు.
అంకెలు తిరిగే డబ్బా వాళ్లకు వీపు చూపిస్తది.
వైరు ఇప్పటికి గోడకు వేలాడుతున్నది.

తెర లేదు గనుక ఒక్కొక్క కన్ను ఏం చూస్తున్నదో
బొమ్మ చేసి ఫోన్‌కు పంపుకుంటున్న.
మొదటిది గేటు. రెండోది సాలెగూడు.
మూడు, నాలుగు ఉత్త నేల.
ఐదోది ఊకె మొరుగుతున్నది:
కదలిక, కదలిక, కదలిక.
నిమిషానికి నాలుగు ఫైళ్లు.
తెరిస్తే, సక్రి.
లారీ కింద, చేతిల చీపురు, కొంగుల రాలిన వడ్లు.
మట్టి ఎంతనో గింజ ఎంతనో,
చెరిగితే సోలెడు ఎల్తదేమో.

ఇట్ల పట్టేటందుకే ఈ సాఫ్ట్‌వేర్.
మంచిగనే పనిచేస్తున్నది,
గదే బాధ.

దీనికి ఒక ముసుగు ఫైలుంటది.
అండ్ల నల్లగ పూసినంత మేర కన్ను పట్టించుకోది.
మౌస్ ఉన్నోళ్లు గుంజి గీస్తరు,
నేను అంకెలు కొట్టిన,
ఇక్కడికెళ్లి ఇక్కడిదాక, లారీ నీడంత.
ఎందుకో రాసిపెట్టాలె, రేపు ఇంకొకడు తెరిస్తే.
ముందట అడ్డనిలువు గీతల గుర్తు పెడితే
ఆ వరుసను యంత్రం చదువది,
మనుషులే చదువుకోవాలె.
గుర్తు పెట్టి రాసిన:
ఇక్కడ పావురాలు వాలుతయి.

"అయ్యిందా? ఏం చెప్పకపాయె" అన్నడు ఎల్లమంద.
ఏం చెప్పకుంటే అయినట్టే తాతా,
తప్పయితేనే నోరు తెరుస్తది.
"మా సేటు లెక్కనే" అన్నడు, అని గేటు దిక్కు చూసిండు.

తెల్లారంగ చాయ్ కాడికి సక్రి వచ్చింది.
"బిడ్డా, గది నా ఫోటో తీస్తదా?"
తియ్యది.
"ఎందుకు? నేను మంచిగ లేనా?"
రాత్రి బొమ్మ ఫోన్‌ల ఉన్నది. చూపిచ్చిన.
పైకెళ్లి తీసింది, మొఖం లేదు,
వీపు, చీపురు, లారీ టైరు.
చానసేపు చూసింది.
"గింత వంగిపోయిననా" అన్నది.
చాయ్ గ్లాసు నా చేతికిచ్చి
ఓపాలి నడుము నిలబెట్టి చూసుకున్నది.