ఇంతకంటే ఎక్కువే పోయింది

ఉదయం ఆరూ పదికి మొదటి బల్లకట్టు.
మోహాచ్ రేవు నుంచి ఆ గట్టుకి
డాన్యూబ్ మీద ఏడు నిమిషాలు,
పొగమంచుంటే పదకొండు.
ఆ కాస్త వ్యవధిలోనే
ముగ్గురు ముసలాళ్ళు ప్రపంచ చరిత్రని తేల్చెయ్యాలి.
అవతల వెండెల్‌కి తేనెపెట్టెలున్నాయి,
మిగతా ఇద్దరికీ ఏ పనీ లేదు.
టిక్కెట్లు చింపేదాన్ని, నాకు తప్పదు,
పద్నాలుగేళ్ళుగా వింటున్నాను.

వెండెల్ ఎప్పుడూ మా ఊరి యుద్ధం పక్షమే.
"చేపల పులుసు కాగి చల్లారేంత సేపు!
రెండు గంటల్లో ఒక రాజ్యం పుటుక్కున తెగింది,
నూటయాభై ఏళ్ళు మళ్ళీ ముడిపడలేదు."
పాత రైల్వే సిగ్నల్‌మాన్ కదా,
దేన్నైనా గడియారంతోనే కొలుస్తాడు.

దెజో ఒప్పుకోడు.
అతని లెక్కలో అన్నిటికన్నా పెద్దది
డాన్ నది ఒడ్డున, ఆ జనవరి.
మేనమామ అక్కడికి వెళ్ళాడు.
తిరిగొచ్చింది ఒక ఉత్తరం,
ఉన్ని మేజోళ్ళు పంపమని అందులో ఒక వాక్యం.
"నీది రాజు పోయిన యుద్ధం,
నాది మేజోళ్ళు అందని యుద్ధం.
ఏది పెద్దదో నువ్వే చెప్పు" అంటాడు.

మాస్కులు చెక్కే స్టిపాన్‌కి ఏ పక్షమూ లేదు.
విల్లో చెక్కలో కొమ్ముల మొహం తొలుస్తూ
రోజుకో పేరు విసురుతాడు.
పువాతియే అంటాడు, వాటర్లూ అంటాడు,
ఒకసారి సలామిస్ అన్నాడు,
అదెక్కడుందో తనకే తెలీదు.
ఆ పొట్టంతా నేను ఊడుస్తాను.

ఒక సెలవు రోజు వెళ్ళి చూశాను
ఆ రాజు మునిగాడన్న చెలె వాగుని.
నా రబ్బరు బూట్లు మడమల దాకా తడిశాయి.
ఒక బాతు తీరిగ్గా నడిచి దాటింది.
ఆ రోజు వానకి పొంగిందట,
గుర్రం వెనక్కి పడిందట, ఇనుప చొక్కా బరువట.
ఫిరంగులు కావు, తీర్పు చెప్పింది బురద
అనుకుంటూ ఇంటికొచ్చాను.
ఈ మాట బల్లకట్టు మీద అంటే
ముగ్గురూ ఏకమై నా మీద పడ్డారు.
చరిత్రలో వాళ్ళు ఏకమైంది ఆ ఒక్కసారే.

మా దగ్గర ఒక సామెత ఉంది.
పర్సు పోయినా, పళ్ళెం పగిలినా,
పిల్ల పరీక్ష తప్పినా, మా జట్టు ఏడు గోల్స్ తిన్నా
భుజం మీద చెయ్యేసి అంటాం:
"మోహాచ్‌లో ఇంతకంటే ఎక్కువే పోయింది."
ఐదువందల ఏళ్ళనాటి శవాలు
మా చిల్లర నష్టాల్ని ఇంకా మోస్తూనే ఉన్నాయి.

మార్చిలో దెజో భార్య ఎటెల్కా పోయింది.
పేచ్ ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు.
తర్వాతి సోమవారం అతను బల్లకట్టెక్కాడు,
చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.
టిక్కెట్టుకి డబ్బులివ్వబోతే చెయ్యి వణికి
రెండువందల ఫోరింట్ల నాణెం
కమ్మీల సందులోంచి నీళ్ళలో పడింది.
అలవాటు కొద్దీ సామెత
నా నాలుక చివరి దాకా వచ్చింది.
స్టిపాన్ ఉలి ఆగింది.
వెండెల్ ఏదో అనబోయి, దగ్గాడు.
ఎవరమూ అనలేదు.

నది మధ్యకొచ్చాక
ఎవరూ అడక్కుండానే దెజో అన్నాడు:
"సరే వెండెల్. మోహాచే. నువ్వే గెలిచావు."

పద్నాలుగేళ్ళు ఆ మాట కోసం కాచుకున్న మనిషి
టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.
"కాదు కాదు, డాన్ ఏమన్నా తక్కువా" అన్నాడు,
"ఆ చలి... మీ మేనమామ..." అని నసిగాడు.
ఆయుధాలు దారిలో పడేసుకుంటూ
సైన్యం ఎలా వెనక్కి నడుస్తుందో
అలా నడిచాయి అతని మాటలు.

దెజో వినలేదు. నీళ్ళని చూస్తున్నాడు.
గట్టు తగిలింది, గొలుసు జారింది,
ఒక ట్రాక్టరూ ఇద్దరు బడిపిల్లలూ దిగారు.
అతనికి టిక్కెట్టు చింపి ఇచ్చాను,
మళ్ళీ డబ్బులు అడగలేదు.

సాయంత్రం ఆఫీసులో లెక్క తేల్చితే
రెండువందలు తక్కువ.
కారణం అన్న గడిలో రాశాను:
మోహాచ్‌లో పోయింది.