ఎత్తు

బెజవాడ ఆటోనగర్ నాలుగో అడ్డరోడ్డులో
క్రాంక్‌షాఫ్టులు అరగదీసే షెడ్డుకి నేను లెక్కలు రాస్తాను.
రాత్రి ఎనిమిదికి షట్టర్ సగం దించాక
అదే కంప్యూటర్లో, జీఎస్టీ బిల్లుల పక్క ఫోల్డర్లో
నా సొంత లిస్ప్ బతుకుతుంది.

కూడడం వచ్చు దానికి. జాబితాకి తల వేరు, తోక వేరు చెయ్యడం వచ్చు.
తనని తనే పిలుచుకునే ఫంక్షన్‌ని
తల తిరక్కుండా లెక్కగట్టడం వచ్చు.
బ్రాకెట్ ఒకటి తగ్గితే మాత్రం
మర్యాద తగ్గిన వియ్యపురాలిలా మూతి ముడుచుకుంటుంది.

ఇప్పుడు దానికి వస్తువులు తెలియాలి.

ఎందుకంటే ఈ వీధిలో "ఎత్తు" అన్నది ఒక్కటే మాట.
లారీని చూసి అంటే కుర్రాడు జాకీకి పరిగెడతాడు
ఆటోని చూసి అంటే ఇద్దరు భుజం పెట్టి పక్కకి ఒరగదోస్తారు
స్కూటర్ అయితే కాలితోనే స్టాండు, చేతిలో టీ తొణక్కుండా.
ఎవరికీ మూడు మాటలు నేర్పలేదు.
ఎదురుగా ఉన్నదాన్ని బట్టి చెయ్యి మారుతుంది.
ఆ చెయ్యి కావాలి నాకు.

లారీని పుట్టించమన్నాను.
ఏ క్లాసు? అంది, చుట్టాల పిల్లని అడిగినట్టు.
లారీ క్లాసు.
ఆ క్లాసుని ఏ క్లాసులోంచి తియ్యను?
క్లాసు అనే క్లాసులోంచి.
మరి దాన్నో?
దాంట్లోంచే.
అది ఇంకా పుట్టలేదుగా?
ఏ క్లాసు? ఏ క్లాసు? ఏ క్లాసు?
తెర నిండిపోయింది, ఫ్యాను గింజుకుంది,
సేవ్ చెయ్యని కొటేషన్‌తో సహా కంప్యూటర్ చచ్చింది.

పొద్దున ఖాసింపీరా లేతు కింద
ఇనుప చుట్టలు ఉంగరాలు ఉంగరాలుగా రాలుతుంటే
నోరు జారి అడిగాను:
మొదటి లేతుని ఏ లేతు మీద చేసుంటారు పీరాభాయ్?

కళ్లద్దాలు నుదుటికెక్కించాడు.
"లేతు మీదెందుకమ్మా, ఆకురాయితో.
వంకరగానే చేసుంటాడు ఎవడో పుణ్యాత్ముడు.
ఆ వంకరదాని మీదే కొంచెం తక్కువ వంకర మర కోసి
పాతది పీకి, దాన్ని దానికే బిగించుంటాడు."
అద్దాలు దించేశాడు.

ఆ రాత్రి నేనూ ఆకురాయి పట్టాను.
పేరు లేదు, తండ్రి లేడు, లోపలి గదులన్నీ ఖాళీ.
ఏ రూలూ అడక్కుండా ఒక డొల్ల డబ్బా చేశాను.
ఆనక దాని క్లాసు గదిలో
దాని చిరునామానే రాసి మూత పెట్టాను.
నీకు నువ్వే క్లాసువి, పో.
అభ్యంతరం చెప్పలేదు.

చూపించమంటే మాత్రం తనలోకి తనే తొంగి చూసుకుంటూ
మంగలిషాపు ఎదురద్దాల్లో బల్బులా అంతూ పొంతూ లేకుండా పోయింది.
పేరు చెప్పి ఊరుకోవే, ఇంట్లో సామానంతా పరవకు
అని నేర్పడానికి ఇంకో రెండు రాత్రులు.

శనివారం. బయట పునుగుల బండి కడుగుతున్నారు.
(ఎత్తు లారీ). జాకీ వచ్చింది.
(ఎత్తు ఆటో). ఇద్దరు మనుషులు.
కొత్తగా చేర్చిన టిప్పర్, ముందు ఇసక దింపుకుని
మిగతాది మా పెద్దవాళ్లు చేసినట్టే అని లారీ దారి పట్టింది.
ఒళ్లు జలదరించింది, నిజం చెప్పొద్దూ.
(ఎత్తు 5) అన్నాను, చిలిపికి.
"అయిదుని ఎత్తడం నాకు చేతకాదు" అంది.
ఆ వాక్యం రాసింది నేనే. అయినా
ఈ వీధిలో చేతకాదన్న మాట
అంత మర్యాదగా నేనెప్పుడూ వినలేదు.

సోమవారం పీరాభాయ్‌ని పిలిచాను.
వేళ్ల నూనె ప్యాంటుకి తుడుచుకుని, తెర దగ్గరికి వంగి
"జాకీ" అని కూడబలుక్కుని చదివాడు.
బాగుందనలేదు.
గేటు బయట ఆగిన బండిని గడ్డంతో చూపించాడు:
ముందు సగం బుల్లెట్, వెనక సగం ట్రాలీ,
పైన ముప్ఫై మంచినీళ్ల డబ్బాలు.

"మరి దీన్ని?"