ఏడో గడి

బళ్లారి రోడ్డులో కల్యాణ మండపం.
పెండ్లి లేదు. కుర్చీలకు మాత్రం గుడ్డలు తొడిగినారు.
జీన్సు కుట్టించేవాళ్లం నూటిరవై మందిమి
టీ చల్లారేదాకా విన్నాము:
"చింపులకు, చెడిపోయిన సరుక్కు, జనం పారేసే పాత బట్టలకు
తయారుచేసినోళ్లే జవాబు చెప్పే రూలు వస్తాండాది.
ఇప్పటినుంచే లెక్క రాసిపెట్టుకోండి."

వెనక వరసలో వన్నూరప్ప లేచినాడు.
"సార్, గుడ్డ అహ్మదాబాదుది.
జిప్పు యాడిదో జిప్పుకే తెలుసు.
ఉతికేది బళ్లారిలో, పేరు బెంగుళూరోళ్లది.
మా రాయదుర్గానిది సూది ఒక్కటే.
తయారుచేసినోడు అంటే ఎవురు సార్?"
అందరూ నవ్వినారు.
ఆయప్ప కూర్చోలేదు. అట్లే నిలబడినాడు.
సార్ కొంచేపు తన కాగితాల్లో వెతుక్కున్నాడు.

నాకు పన్నెండు మిషన్లు.
ఒక కటింగ్ టేబులు, దాని కింద ఒక నీలం గుట్ట.
ఆ గుట్టను నేను ఎప్పుడూ చూసింది లేదు,
కాలికి తగిలినప్పుడు తప్ప.

ఫారంలో తొమ్మిది గడులు.
ఆరు గంటలోపే నింపినా:
నెలకెన్ని ప్యాంట్లు, ఎన్ని మీటర్లు, ఎంతమంది కూలోళ్లు.
ఏడోది: "వ్యర్థం చివరికి చేరే చోటు."
అక్కడ నా పెన్ను
దారం తెగిన మిషను మాదిరి
చప్పుడు ఉంది, కుట్టు లేదు.

శనివారం సందేళ
దూదేకుల దస్తగిరమ్మ ఆటో వెనక నా బండి పోనిచ్చినా.
పదకొండేండ్లుగా మా గుట్ట మోసేది ఆమెనే.

కొండ కింద సందు. ముంగిట్లో నీలం, గడప మీద నీలం,
మేక గడ్డానికి కూడా నీలం పీచు.
పొడుగు పీలికలు ఒక పక్క, పరుపుల్లోకి.
అరచెయ్యంత ముక్కలు ఒక పక్క, గ్యారేజీలోళ్లు కొంటారంట.
సాగే గుడ్డ మాత్రం మూలకు తోసిపెట్టింది.
"ఈ రబ్బరు కలిసిన గుడ్డ వచ్చినకాడ్నించి
నా బేరం సగం పాయ సామీ.
పరుపులో కుక్కితే ముద్ద కడతాది,
తుడిస్తే నూనె పీల్చదు."
"మరి అది యాడికి పోతాదమ్మా?"
ఆమె నోటితో చెప్పలేదు. గడ్డం ఎత్తి చూపించింది.
ఇటుకల బట్టీ.

బూడిదలో చెయ్యి పెట్టినా. చల్లగా ఉంది.
తిరిగొచ్చిన ప్యాంట్లు కూడా మా గుట్టలోనే పడతాయి,
వాటి బొత్తాములు, రాగి రివిట్లు
కాలకుండా మిగిలిన పండ్ల మాదిరి.
ఒకటి తుడిస్తే పేరు బయటపడింది.
నాది కాదు, బెంగుళూరోళ్లది.
కానీ అంచు మీద గీత మా మూడో మిషనుది,
దాని దవడ వంకర నాకు తెలుసు.

"నెలకు ఎంతయితాదో చెప్పగలవా?" అంటే
గోడ చూపించింది దస్తగిరమ్మ.
బొగ్గు గీతలు. ఐదుకొక అడ్డగీత.
మాదొక వరస, వన్నూరప్పదొక వరస,
మూతబడిన యూనిట్లవి కూడా చెరపలేదు.
పండక్కి సున్నం కొట్టేటప్పుడు ఆ గోడ ఒకటి వదిలేస్తారంట.
ఫోను తీసి ఫోటో పట్టబోతే అడ్డం నిలబడింది.
"ఇన్నాళ్లూ చెత్త అని ఉత్తకే ఇస్తివి, ఉత్తకే తెచ్చుకుంటి.
ఇప్పుడు లెక్క కావాల్నంటే
లెక్కకూ ఒక రేటుంటాది గద సామీ."

బేరమాడే మొగం నాకు లేదు.

సోమవారం కటింగ్ టేబులు పక్కన తూకం వేలాడదీసినా.
మొదటి దినం నలభై ఒక్క కేజీ.
మా చిన్నోడి బరువు.
వాణ్ణి ఎత్తుకోవడం మానేసి చాన్నాళ్లయింది.

ఏడో గడిలో రాసినా:
దస్తగిరమ్మ, కొండ కింద సందు.
కొంత పరుపులు, కొంత గ్యారేజీలు, మిగతాది పొగ.
కంప్యూటర్లో ఎక్కిస్తే తీసుకోలేదు.
రిజిస్ట్రేషన్ నంబరు కావాలంటుంది.
నంబరు ఆమెకు లేదు. పొగకూ లేదు.
గడి ఎర్రగా వెలుగుతాండాది.
చెరపకుండా అట్లే పెట్టినా.