పన్నెండు బై పది

మోటారు కాలితే ఒక వాసన వస్తుంది.
రొయ్యల చెరువు రైతుకి ఆ వాసన మూడింటికి తగిలితే
నాలుగింటికి మా గుమ్మంలో ఉంటాడు,
తడి లుంగీతో, ఏరియేటరు మోటారు భుజానేసుకుని.
విప్పేదీ చుట్టేదీ అంతా వీధరుగు మీదే.
అన్నంలో రాగితీగ ముక్క వచ్చిన రోజు
వరహాలు కంచం పక్కకి నెట్టి ఒక్క మాటే అంది:
"పెరట్లో షెడ్డేనా వేసుకో,
లేకపోతే నేనే పెరట్లోకి పోతాను."

పన్నెండు బై పది. నాలుగు తాటి దూలాలు, ఎనిమిది రేకులు.
మా నాన్నయితే ఆదివారం పొద్దున్న గుంట తీసి
దీపాల వేళకి దాని కింద కూర్చుని చుట్ట ముట్టించేవాడు.
ఇప్పుడు ముమ్మిడివరం నగర పంచాయతీ అయింది.
రేకులు మాత్రం బేరం బాగుందని ముందే కొనేసి
కొబ్బరిచెట్టుకి చేరేశాను.

ప్లానింగు సెక్రటరీ జ్యోత్స్న, మా చిన్నోడి ఈడు పిల్ల.
"దస్తావేజు, పన్ను రసీదు, ప్లాను, ఫొటో కావాలండి."
"షెడ్డు ఫొటోనా?"
"ఖాళీ స్థలం ఫొటోనండి."
లేనిదానికి ఫొటో తీయించడం అదే మొదలు.
నొక్కే వేళకి ఖాళీకి అడ్డంగా మా నల్లకోడి నడిచొచ్చింది.
అలాగే పంపేశారు.

ఫోనుకి మెసేజీ: షార్ట్‌ఫాల్.
షార్టంటే నాకు తెలుసు,
ఏ చుట్టు ఏ చుట్టుకి తగిలిందో చీకట్లో వేలితో చెబుతాను.
ఇది ఎక్కడ తగిలిందో మూడు వారాలు తెలియలేదు.
ప్రహరీకి మూడడుగులు వదలాలిట.
నిప్పు పని ఆగ్నేయం దాటకూడదని సిద్ధాంతిగారు.
ఇద్దరి మాటా వింటే మిగిలేది చెట్టు నిలబడ్డ చోటే.
సర్వేయరు సూర్యచంద్రం కాగితం మీద చిన్న సున్నా చుట్టాడు.
"ఇదేంటి?"
"మీ చెట్టేనండి."
ఏటా వందన్నర కాయ దింపే చెట్టు,
సున్నా.
దాని పక్కకి నా షెడ్డు రెండడుగులు జరిగింది.

కొలతలకి జ్యోత్స్న వచ్చింది, చెప్పులు గుమ్మంలో విప్పి.
"రోడ్డు మీంచి పునాది ఎంతెత్తు రాయమంటారు?"
రోడ్డుని నేను నమ్మను. ఏడాదికోసారి అదే లేస్తుంది.
వెనక గోడ చూపించాను:
వరదొచ్చిన ఏడు నాన్న బొగ్గుతో గీసిన గీత,
ఎన్ని సున్నాలేసినా ఆ ముక్క వదిలేసి వేస్తాం.
"దీనికి పైన ఉండాలమ్మా. మోటార్లు తడవకూడదు."
టేపు వదిలేసి ఆ పిల్ల గీత మీద వేలు పెట్టింది.
"మాది లంకండి," అంది.
"మాకు గీతలుండవు. గోడ ఉంటే కదా."
మళ్ళీ టేపు పట్టుకుంది. నేను రెండో కొస పట్టుకున్నాను.
కాసేపు ఇద్దరం అంకెలే మాట్లాడుకున్నాం.

ఏడో నెలలో వచ్చింది అనుమతి.
మూల ఒక నలుపూ తెలుపూ చదరం,
పురుగు కొట్టిన అరటాకులాగా.
వరహాలు దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టి
వెంటనే తీసేసింది, నూనె మరకవుతుందని.
తాపీ అబ్బులు గునపంతో సహా దిగాడు.
మొదటి రేకు ఎత్తాను.

కింద నల్లకోడి.
ఫొటోలోదే.
పదకొండు గుడ్ల మీద పరుచుక్కూర్చుని
ఒక కంటితో నన్ను చూసింది.
చేతిలో కాగితం ఉంది కదా, చూపించాను.
రెక్కలు ఇంకాస్త పరిచింది.
"ఎన్నాళ్ళయింది?"
"నిన్న కాక మొన్న పొదిగేశాను," అంది వరహాలు,
"ఇరవయ్యొక్క రోజులు. రేకు దించు, ఎండ తగులుద్ది."
అబ్బులు గునపం గోడకానించి టీ అడిగాడు.

రాత్రి వాన. నాలుగింటికి ఎవరో తలుపు కొట్టారు,
కాట్రేనికోన వైపు రైతు, వాసన ముందే లోపలికొచ్చింది.
అరుగు మీద కూర్చుని తీగ చుడుతున్నాను.
నలభై ఒకటి, నలభై రెండు.
పెరట్లో రేకుల మీద చినుకులు పడుతుంటే
దాని కింద పొడిగా ఉందో లేదో చూసొచ్చేసరికి
లెక్క తప్పాను.