రెండో తూము

కాలువలు కట్టేసిన వేసవి.
రామచంద్రపురం పశువుల ఆసుపత్రి వెనకగది.
కిటికీ కింద ఒట్టిపోయిన పంటకాలువలో
ఎండిన గుర్రపుడెక్క కాగితంలా చప్పుడు చేస్తోంది.
నేను చచ్చిన గేదెల గర్భసంచుల్లోకి
సింధూరం కలిపిన గంజి ఎక్కిస్తున్నాను.

ముందు గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో కడగాలి,
పాత నెత్తురంతా పోయి
తేటనీళ్ళు వచ్చేదాకా.
ఆ తర్వాతే ఎరుపు.
బొటనవేలు నొప్పెట్టేంత మెల్లగా సిరంజి నొక్కితే
బోదె తెగి మడి తడిసినట్టు
వెంట్రుకంత కొమ్మల చివరిదాకా
ధమని తన బొమ్మ తానే గీసుకుంటుంది.

పుస్తకంలోనూ ఒక బొమ్మ ఉంది.
ఏ చలిదేశపు ఆవునో కోసి ఎవరో గీసింది.
పక్కకి ఒకటే పెద్ద ధమని, దానికి బాణం గుర్తు, పేరు.
కంఠతా పట్టాను. డెబ్బై రెండు మార్కులు వచ్చాయి.

ఆ బొమ్మని నమ్మే
నాలుగేళ్ళ కిందట ఒక వాన రాత్రి
కేదార్లంకలో వాసంశెట్టి బుల్లెమ్మ గేదెకి
సెల్‌ఫోను వెలుగులో పొట్ట కోశాను.
దూడ వచ్చింది. దానివెంట నెత్తురొచ్చింది.
వేళ్ళతో వెతికి, ధమని పట్టి, ముడేశాను.
"ఆగిందాండీ?"
"ఆగింది."
ఆగలేదు.

తెల్లారేసరికి గేదె కాళ్ళు చాపేసింది.
బుల్లెమ్మ ఒక్క మాటా అనలేదు.
చేతులు కడుక్కోమని
చెంబుతో నీళ్ళు పోసింది. గోరువెచ్చటివి.

అందుకే ఈ గది. ఈ వాసన.
కబేళా నుంచి దావీదు సైకిలుకి కట్టి తెచ్చే ఈ బకెట్లు.

పంతొమ్మిదో సంచిలో
బొమ్మలో లేనిచోట ఎరుపు తేలింది.
నా చేతి తప్పేమో అనుకుని
కడిగి, తుడిచి, కళ్ళజోడు మార్చి చూశాను.
దావీదు నా భుజం మీంచి తొంగి చూశాడు.

"దొంగతూమండి ఇది.
మా నాన్న ఏసేబు లస్కరుగా చేసేవోడు కదండీ,
రాత్రేళ మూసొచ్చేవోడు, తెల్లారేసరికి రైతులు తెరిసేసేవోరు.
ఆపీసు మేపులో ఉండవండి ఇయ్యి.
శివారు సేలు పండేదేమో ఈటితోటేనండి.
ఆకరికి మా నాన్న
మూయడం మానేసి
ఎక్కడెక్కడున్నాయో ఒక నోటుబుక్కులో రాసుకున్నాడండి."

నేనూ నోటుబుక్కు తీశాను.

అరవై నాలుగు సంచులు. పదకొండింట్లో రెండోది ఉంది.
ఒక దాంట్లో ఎడమన, మిగతా అన్నింట్లో కుడిన.
'అసాధారణం' అనే గడిలో వేయమన్నారు మా గైడుగారు.
ఆరింట ఒకటి అసాధారణమైతే
మా వీధిలో ఎడమచేత్తో అన్నం తినే పిల్లాడు,
మూడో వేలు పొట్టిగా పుట్టిన నేను,
మేమంతా ఏ గడిలోకి?
కొట్టేసి 'భేదం' అని రాశాను.
ఆయన మళ్ళీ దిద్దారు.
నేను మళ్ళీ కొట్టేశాను.
ఆ కాగితం ఇంకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

జూన్‌లో నీళ్ళు వదిలారు.
ఎర్రనీళ్ళు, ముందు నురగ, వెనక చెత్త,
ఆ వెనక పిల్లల కేకలు.

బుల్లెమ్మ కబురు పెట్టింది.
పడ్డ ఎదకి రావడం లేదట, చూడిదేమో చూడమంది.
ఏ పడ్డ అని నేనడగలేదు.
నుదుటి మీద తెల్లమచ్చ. ఆ రాత్రి దూడే.

భుజందాకా తొడుగు వేసుకుని చెయ్యి పెట్టాను.
లోపలి వేడిలో కళ్ళు మూసుకుని వేళ్ళతో చూశాను.
ఎడమ పక్క, చిటికెన వేలంత లావున
ధమని జలజలా అదురుతోంది.
కుడి పక్క ఒకటి అదురుతోంది.
దాని వెనక,
ఇంకా సన్నంగా,
ఇంకొకటి.

"చూడిదేనాండీ?"
"ఆరో నెల."
"మరేటండీ, అలా ఉండిపోయారు?"

పాకలో నిట్రాట మీద
బొగ్గుముక్కతో నా ఫోను నంబరు రాశాను.
ఎంత రాత్రయినా నాకే చెయ్యమన్నాను.
దాని కింద, నేను కాకుండా ఇంకెవరైనా వస్తే చూసుకోవడానికి,
కాస్త పెద్ద అక్షరాలతో:
కుడి పక్క రెండు.