వేలు వదులుగా

మంగళ, గురువారాల్లో పదింటి నుంచి పన్నెండు దాకా
ఈ కౌంటీ షెరీఫ్ ఆఫీసులో
వేళ్లు పట్టుకోవడం నా పని.
మనిషికి పది.
సిరా పలక మీద అద్ది, గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా
నిద్రపోయే బిడ్డని ఒత్తిగిలించినట్టు
కార్డు మీద ఒత్తిగిలిస్తాను.

అందరికీ చెప్పేది ఒకటే మాట:
"వదిలేయండి. వేలు మీది కాదనుకోండి."
ఎవరూ వదలరు.
బడిపంతుళ్లు నాకు సాయం చెయ్యబోతారు, నర్సులు గట్టిగా నొక్కుతారు,
బిడ్డని దత్తత తెచ్చుకోబోయే జంటలు
కొయ్యబారిపోతారు. సిరా అలుక్కుపోతుంది.
ఆ కార్డు పక్కన పడేసి ఇంకోటి తీస్తాను.

ఆర్డిస్ హాల్వర్సన్, డెబ్బై నాలుగేళ్లు.
బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుని వచ్చి
బల్ల మీద తొడుగు తీసి పెట్టినంత తేలిగ్గా
చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది.
పదీ మొదటిసారికే పడ్డాయి.
చెయ్యి తిరిగిన మనిషే, అనుకున్నాను.
"ఇంతకుముందు ఎక్కడైనా ఇచ్చారా?"

"ఇక్కడే. ఈ కింద."
మడమతో నేలని తట్టింది.
"డెబ్బై ఒకటి, మార్చి. సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
మంచు నీళ్లలో ఒట్టి చేతుల్తో చేపలు కోసేవాళ్లం.
తొడుగులు ఇమ్మన్నాం. ఇవ్వమన్నారు.
పదకొండు మందిమి లారీల ముందు కూర్చున్నాం.
ఆ రాత్రి ముద్రలు తీసిన కుర్రాడికి చేతులు వణికాయి.
నేనే చెప్పాను, వదిలెయ్ నాయనా, విరగవులే అని."

ఇప్పుడు ఎందుకంటే మోకాళ్లు చూపించింది.
పోర్చుగల్‌లో మెట్లు లేని ఇల్లు ఒకటి దొరికిందట.
నేరస్థురాలివి కావని కాగితం తెస్తే
అక్కడ ఉండనిస్తారట.
ఆ రాత్రి సంగతి బయటపడుతుంది కదా,
అందుకని సంజాయిషీ రాసి పెట్టుకుంది:
టైపు చేసిన రెండు పేజీలు, నాలుగు మడతలు.
సంజాయిషీ పట్టుకునే తీరులో పట్టుకోలేదు దాన్ని.

ఆరు వారాలకి మళ్లీ వచ్చింది.
వాషింగ్టన్ జవాబు ఒక్క వాక్యం:
అరెస్టు వివరాలేవీ మా దగ్గర లేవు.
ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్లు.
ఆమె దాన్ని తప్పుడు బిల్లులా
నా ముందుకి తోసింది.
"సరిగ్గా వెతికారా అసలు?"

అప్పటి కార్డులన్నీ పైకి పంపేవాళ్లు కాదన్నాను.
ఒక శీతాకాలం పైపు పగిలి కింద గది మునిగిందన్నాను.
మంచిదే కదా అన్నాను.
"మంచిదే," అంది. కాసేపటికి,
"లోరెయిన్ పోయింది. ఇవోన్ పోయింది.
మిగిలినవాళ్ల ఊళ్లు కూడా తెలీవు.
ఆ రాత్రికి సాక్ష్యం
కనీసం ప్రభుత్వమన్నా దాచి ఉంటుందనుకున్నాను."

ఆ కాగితం మీద ఇంకో ముద్ర వేయించాలి,
సంతకం నిజంగా సంతకమేనని.
తొంభై రోజుల్లో కాన్సులేటుకి చేర్చాలి,
లేదంటే మన మంచితనం కూడా మురిగిపోతుంది.
"చేపలాగా," అంది ఆర్డిస్. నవ్విందో లేదో,
అప్పటికే స్కార్ఫు చుట్టేసుకుంటోంది.

సంజాయిషీ మాత్రం కౌంటరు మీదే వదిలేసింది.
పిలిచాను. వినపడనట్టే వెళ్లింది.

దీన్ని పెట్టడానికి నా దగ్గర అర లేదు.
అడిగినవాళ్లు లేరు, నంబరు లేదు.
పన్నెండుకి తలుపు మూసి, నిలబడే చదివాను.
పదకొండు పేర్లు. ఒక పేరులో అక్షరం తప్పు పడితే
పెన్నుతో దిద్దింది.
తొడుగులు చివరికి ఇచ్చారో లేదో
ఎక్కడా రాయలేదు.

మడత పెట్టబోతే చూశాను,
మొదటి పేజీ అంచున, తేదీ పక్కన
నా బొటనవేలు పడింది.
గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి.
నేను పట్టుకోలేదు, తిప్పలేదు.
వదులుగా ఉన్నట్టుంది.