శొంఠి

పిలిస్తే రాదు.
ఒక చెవి మాత్రం ఇటు తిప్పుతుంది,
విన్నాను, చూద్దాంలే అన్నట్టు.

హొరమావులో మూడో అంతస్తు మాది.
బాల్కనీ గ్రిల్లు సందులోంచి
ఎదుటి ఖాళీ సైటులో జిల్లేళ్ళ కదలికని
పొద్దుగూకేదాకా చదువుతుంది.
తోక వీపుమీద చుట్టకుదురు,
ఎవరి కుండా మొయ్యదు.

ట్రైనర్ బోపయ్య నాలుగు వారాలు వచ్చి
సగం ఫీజు వెనక్కిచ్చి వెళ్ళిపోయాడు.
"ఇది వేట జాతి మేడం, మీరే నేర్చుకోవాలి."

మొన్న కరెంటు పోయిన వానలో
మెడబెల్టులోంచి జారి మెట్లు దిగిపోయింది.
ఇందుజా నేనూ ఒక్క గొడుగుతో
రాత్రి రెండింటిదాకా వీధి వీధీ పిలుస్తూ తిరిగాం.
తిరిగొచ్చేసరికి గుమ్మంలో అదే,
బురద కాళ్ళతో,
నా చెప్పుమీద పందికొక్కుని పెట్టి.

మెచ్చుకోలు కోసం ఆగలేదు.
నీళ్ళు తాగింది, ఒళ్ళు దులిపింది,
గోడ నిండా చుక్కలు.
తలుపువైపు మొహం పెట్టి పడుకుంది
నా పాదానికి జానెడు ఎడంలో.
చెయ్యి చాపబోయి ఆగాను.

పొద్దున్నే వాచ్‌మన్ సిద్దణ్ణ
పందికొక్కుని తోక పట్టి ఎత్తి చూసి
"ఒళ్ళే కెలస" అన్నాడు, దానికి వినపడేలా.
అది అప్పటికే బాల్కనీలో,
జిల్లేళ్ళకి ఆలస్యమైపోతున్నట్టు.